నలభై గంటల దారి

*శనివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయలుదేరాలి. పల్నాడు పొడవునా తొక్కి వినుకొండ చేరాలి. అక్కడ వెనక్కి తిరిగి, ఆదివారం రాత్రి 9 గంటల లోపు మళ్లీ హైదరాబాద్‌లో ఉండాలి. మొత్తం 600 కిలోమీటర్లు, సైకిల్ మీద. కప్పు లేదు, నగదు లేదు, మొదటి స్థానం లేదు. అయినా తొక్కుతున్నారు.*

రాత్రి రెండు కావస్తోంది. నరసరావుపేట శివారులో, వినుకొండ రోడ్డు పక్కన టీకొట్టు. మిరప బస్తాల లారీ ఒకటి పక్కన ఆగి ఉంది. డ్రైవరూ క్లీనరూ బల్లమీద కూర్చుని గ్లాసులు ఊదుకుంటూ తాగుతున్నారు. సైకిల్‌ను వేపచెట్టుకు ఆనించి, హెల్మెట్ తీద్దామంటే గడ్డం కింద బకిలీ ఊడలేదు. వేళ్లలో స్పర్శ లేదు. కొట్టు పెద్దాయన వచ్చి తనే ఊడదీశాడు.

"యాడ నుంచి అబ్బాయా?"

"హైదరాబాద్ నుంచి బాబాయ్. నిన్న తెల్లారగట్ల ఐదింటికి బయల్దేరాం."

"ఇప్పుడెందాక?"

"హైదరాబాదే."

పాలు తిరగబోస్తున్న చెయ్యి ఆగింది. "ఆడనుంచొచ్చి మళ్లీ ఆడికే పోతన్నావా? పందేనికా?"

"పందెం కాదు."

"డబ్బులిస్తారా?"

"మనమే కట్టాలి బాబాయ్."

లారీ డ్రైవర్ నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. "మరెందుకయ్యా ఇంత ఒళ్లు హూనం చేసుకోటం?" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. కొడుకుని అడిగినట్టే అడిగాడు.

జవాబు చెప్పేంత ఓపిక అప్పుడు లేదు. జేబులోంచి తడిసి మెత్తబడిన అట్టకార్డు తీసి, ఇక్కడ టైము వేసి సంతకం పెట్టమన్నాను. నేను ఈ చోటుకి వచ్చానన్నదానికి అదే సాక్ష్యం. ఆయన తుండుతో చేతులు తుడుచుకుని, గోడ గడియారం చూసి 1.55 అని వేసి, కింద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పూర్తి పేరు రాశాడు. అప్పటికి 340 కిలోమీటర్లు అయ్యాయి. ఇలా సాక్ష్యం తీసుకోవాల్సిన చోటును కంట్రోలు అంటారు. ఈ కంట్రోలు మూసే టైము 3.40. చేతిలో గంటా నలభై అయిదు నిమిషాలున్నాయి.

ఆ కొట్టుకి మా ఇల్లు కిలోమీటరున్నర. అక్కడ మంచముంది, దుప్పటి ఉంది, వేడినీళ్లున్నాయి. ఇంట్లోవాళ్లు మేలుకునే ఉన్నారని తెలుసు. వెళ్లకూడదని నిబంధనేమీ లేదు. వెళితే లేవలేనని నాకు తెలుసు. టీకొట్టు బల్లమీదే హెల్మెట్ తలకింద పెట్టుకుని పడుకున్నాను. "మూడింటికి లేపు బాబాయ్" అన్న మాటే గుర్తుంది.

గడియారంతో ఒప్పందం

ఈ తొక్కుడుకి ఫ్రెంచి పేరు బ్రెవే. తొక్కేవాళ్లు రాండొనూర్లు. మన సైక్లిస్టులు పొట్టిగా బీఆర్‌ఎమ్ అంటారు. ప్రపంచమంతటా దీని లెక్కాపత్రం చూసేది పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్. మనదేశంలో ఆ బాధ్యత ఆడాక్స్ ఇండియా రాండొనూర్స్‌ది. హైదరాబాద్ రాండొనూర్స్ లాంటి స్థానిక క్లబ్బులు దారులు గీసి శని, ఆదివారాల్లో నడుపుతాయి.

నియమాలు చిన్నపిల్లలకైనా అర్థమవుతాయి. దూరానికో గడువు. దారిలో అక్కడక్కడా కంట్రోళ్లు. ప్రతి కంట్రోలుకీ తెరిచే టైము, మూసే టైము. ఆలస్యమైనా చెల్లదు, మరీ ముందొచ్చినా చెల్లదు. చేతిలో ఉన్న కార్డు మీద ముద్రో, సంతకమో, అదీ కాకపోతే పెట్రోలు బంకు బిల్లో, ఏటీఎం చీటీయో ఉండాలి. వెనకాల కారులో మనుషులొచ్చి అరటిపళ్లు అందించడం కుదరదు. పంక్చరైతే మనమే వేసుకోవాలి, లేదా దారిలో అందరికీ ఉన్న కొట్టులోనే వేయించుకోవాలి. హెల్మెట్, ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు, రాత్రిపూట మెరిసే పట్టీల కోటు తప్పనిసరి. పూర్తిచేసినవాళ్లకు ర్యాంకులు ఇవ్వరు. 25 గంటల్లో వచ్చినవాడూ, 39 గంటల 50 నిమిషాలకు వచ్చినవాడూ ఒకే గౌరవం పొందుతారు.

లెక్కేస్తే గంటకు 15 కిలోమీటర్లు. ఊళ్లో కూరగాయలకు వెళ్లే మనిషి కూడా ఆ వేగంతో తొక్కగలడు. చిక్కంతా గడియారం ఆగకపోవడంలోనే ఉంది. ఇడ్లీ తిన్నా, టైరు మార్చినా, చెట్టుకింద నడుం వాల్చినా, దారి తప్పి నాలుగు కిలోమీటర్లు పోయినా అది తిరుగుతూనే ఉంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు వేగంగా తొక్కడం గురించి మాట్లాడరు. 'ఎంతసేపు ఆగావు?' అని అడుగుతారు.

> బ్రెవే లెక్కలు
>
> 200 కి.మీ. – 13 గంటల 30 నిమిషాలు
> 300 కి.మీ. – 20 గంటలు
> 400 కి.మీ. – 27 గంటలు
> 600 కి.మీ. – 40 గంటలు
> 1000 కి.మీ. – 75 గంటలు
>
> 200, 300, 400, 600 నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తిచేస్తే 'సూపర్ రాండొనూర్'. సీజన్ నవంబరులో మొదలై అక్టోబరుతో ముగుస్తుంది.

పల్నాట్లోకి

తెల్లవారకముందే ఎల్బీనగర్ దాటి ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి మీదుగా నాగార్జునసాగర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఈ ముక్కలో చెప్పుకునే కష్టం లేదు. దక్కన్ పీఠభూమి మీది నుంచి కృష్ణలోయలోకి దిగుతున్నాం కాబట్టి సైకిలే మనల్ని మోసుకొస్తుంది. అప్పు తీసుకున్నట్టు అన్నమాట. ఆదివారం మధ్యాహ్నం వడ్డీతో సహా కట్టాలి.

వంతెన మీద ఆగాను. ఎడమా కుడీ కృష్ణమ్మ. పల్నాడు కథ సాగర్ ఆనకట్టకు ముందొకటి, తర్వాతొకటి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లొదిలారు. కుడికాలువ రాకముందు ఇది జొన్నకూటి సీమ. శ్రీనాథుడంతటివాడు ఈ ప్రాంతపు రాళ్ల మీదా తిండి మీదా విసుక్కుంటూ చాటువులు చెప్పిపోయాడు. ఇప్పుడదే నేలమీద వరి, పత్తి, మిరప. నాపరాయి మాత్రం అలాగే ఉంది.

మాచర్లలో చంద్రవంక దాటాక ఒక హోటల్లో పెరుగన్నం తిన్నాను. ఉప్పు ఎక్కువేయమంటే వడ్డించే అమ్మాయి వింతగా చూసింది. బయట నా సైకిల్ చుట్టూ అయిదారుగురు పిల్లలు. ఒకడు టైరు నొక్కి చూశాడు. ఇంకొకడు "దీనికి స్టాండేదన్నా?" అన్నాడు. బెల్లు కూడా లేదని తేలాక వాళ్లకు దానిమీద ఉన్న మర్యాద సగం పోయింది.

మాచర్ల నుంచి రెంటచింతల దారి ఒక పరీక్ష. రాష్ట్రంలో ఎండలు ముదిరాయని పేపర్లో వార్త రాగానే పక్కన రెంటచింతల పేరుంటుంది. మాది ఫిబ్రవరి కాబట్టి బతికిపోయాం. అయినా మూడు గంటల ఎండకి నాపరాళ్ల నేల వెనక్కి కొట్టే సెగ మొహానికి తగులుతోంది. నీడనిచ్చే చెట్టు కోసం చూస్తే కిలోమీటరుకొకటి. ఈ సీమలోనే పందెంకోడి కోసం, పంతం కోసం అన్నదమ్ములు కొట్టుకుని, 12వ శతాబ్దంలో కారంపూడి దగ్గర నాగులేరు ఒడ్డున పల్నాటి యుద్ధంలో రాలిపోయారు. ఇప్పటికీ ఏటా కార్తీకంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. గురజాల వీధుల్లోంచి వెళ్తుంటే నాయకురాలు నాగమ్మ ఈ ఊళ్లోనే మంత్రాంగం నడిపిందన్న సంగతి గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా తాతయ్య చెప్పిన కథలన్నీ సైకిల్ వేగానికి సరిపోయేవి. బస్సులో అయితే ఒక ఊరి కథ పూర్తికాకుండానే ఇంకో ఊరొచ్చేస్తుంది.

పిడుగురాళ్ల దుమ్ములో

దాచేపల్లి దాటుతుండగా వెనక టైరు మెత్తబడింది. పగిలిపోయిన లారీ టైర్లలోంచి రాలే సన్నటి ఇనప తీగముక్కలు మాకు పెద్ద శత్రువులు. గాజుపెంకు కనిపిస్తుంది, ముల్లు కనిపిస్తుంది, ఈ తీగ కనిపించదు. టైరు విప్పి లోపల వేలితో తడుముతుంటే పక్కనున్న పంక్చర్ షాపు కుర్రాడు నా చేతిలోంచి లాక్కుని, దూదిపింజ తీసుకుని టైరు లోపలంతా తిప్పాడు. దూది ఒకచోట చిక్కుకుంది. పట్టకారుతో తీగ లాగేశాడు. ఏళ్లుగా సైకిల్ తొక్కుతున్న నాకు ఈ కిటుకు తెలియదు. డబ్బులివ్వబోతే పది రూపాయలు చాలన్నాడు.

చీకటిపడేవేళకు పిడుగురాళ్ల. ఊరి చుట్టూ సున్నపు బట్టీలు, వాటి పొగ, దారి పొడవునా సున్నపుపొడి, సిమెంటు లారీలు. ఇక్కడ సైకిల్ తొక్కుతుంటే ఈ నేల ఎవరి ఊపిరితిత్తుల మీద నడుస్తోందో తెలుస్తుంది. నేను గుడ్డ కట్టుకుని ముప్పావు గంటలో దాటేశాను. బట్టీల దగ్గర రాయి మోసేవాళ్లు ఏడాదంతా అదే గాలి పీలుస్తారు.

రాత్రి రోడ్డు గురించి ఒక మాట చెప్పాలి. మనదేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణాశాఖ లెక్క ఇది. నాకు వెనక రెండు ఎర్రలైట్లు, ఒంటిమీద మెరిసే పట్టీలు. లారీ డ్రైవర్లు దూరం నుంచే చూసి పక్కకు తీసి, హారన్ చిన్నగా కొట్టి వెళ్లిపోయారు. నిజం చెప్పాలంటే నలభై గంటల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది కార్లే. లారీలతో ఇబ్బంది పడలేదు. పిడుగురాళ్లకీ నరసరావుపేటకీ మధ్య ఒక ముసలాయన క్యారేజీకి గడ్డిమోపు కట్టుకుని, లైటు లేకుండా, చీకట్లో చీకటిలా వెళ్తున్నాడు. నా లైటు పడేదాకా ఆయన నాకే కనపడలేదు. నాకున్న రక్షణ ఆయనకు లేదు. అవసరం ఆయనకే ఎక్కువ, ఎందుకంటే ఆయన రోజూ తొక్కుతాడు. ఒకప్పుడు డైనమో లైటు లేకపోతే పోలీసులు సైకిల్ ఆపేవాళ్లు, పురపాలక బిళ్ల లేకపోతే జరిమానా వేసేవాళ్లు. ఆ రోజులు మళ్లీ రావాలని అనను. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ తెల్లగీతకు బయట మీటరు తారు వదలడం, సైకిల్‌వాళ్లకు ఎర్రలైట్లు పంచడం పెద్ద ఖర్చు కాదు. రోడ్లకు పెడుతున్న డబ్బు పక్కన అది లెక్కలోకి రాదు.

తెల్లవారి తిరుగుదారిలో ఇదే రోడ్డు మీద మిరపకోతలకు వెళ్లే కూలీ ఆటోలు ఎదురయ్యాయి. వెనక చెక్కమీద కూడా కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న ఆడవాళ్లు. మంచులో ఒక్కదానికీ వెనక లైటు సరిగా లేదు.

ఎందుకయ్యా?

టీకొట్టు పెద్దాయన ప్రశ్న దారంతా వెంట వచ్చింది. జవాబు ఆయన కొట్టు దగ్గర్లోనే ఉంది, నిద్రమత్తులో నాకు తట్టలేదు.

అది శివరాత్రి ముందటి వారం. నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లలో కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కడుతున్నారు. తొంభై అడుగులకు పైబడిన ప్రభలూ ఉంటాయి. అర్ధరాత్రి దాటాక కూడా లైట్ల వెలుగులో కుర్రాళ్లు వెదురుబద్దల మీద వేలాడుతూ తాళ్లు బిగిస్తున్నారు. పగలు పొలం పని, రాత్రి ప్రభ పని. కూలి ఎవరూ ఇవ్వరు. చందాలు వాళ్లే వేసుకుంటారు. తీరా కట్టాక దాన్ని బండిమీదెక్కించి కొండదాకా లాక్కెళ్లి, ఒక్క రాత్రి నిలబెట్టి, మళ్లీ ఊరికి తెచ్చుకుంటారు. వాళ్లను ఎందుకని ఎవరూ అడగరు. నల్లమల అడవిలో పడి శ్రీశైలానికి కాలినడకన వెళ్లే భక్తులనూ అడగరు. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే తిరిగి రావడానికి ఒళ్లు హూనం చేసుకోవడం పల్నాడుకు కొత్త కాదు. సైకిల్ మీద చేస్తే కొత్తగా కనిపిస్తోంది, అంతే.

అదైనా మరీ కొత్తేం కాదు. నలభై దాటిన పల్లెటూరివాళ్లకు గుర్తుండే ఉంటుంది. సంక్రాంతి వెళ్లాకో, కోతలయ్యాకో ఊళ్లోకి ఒక సైకిల్ మనిషి వచ్చేవాడు. బడి ముందు ఖాళీస్థలంలో గుంజ పాతి, గుండ్రంగా ముగ్గుతో బరి గీసి, మైకుసెట్టు పెట్టేవాడు. ఇక అయిదు రోజులో, వారమో సైకిల్ దిగేవాడు కాదు. దానిమీదే తిండి, దానిమీదే స్నానం, దానిమీదే గడ్డం గీసుకోవడం. తెల్లవారుజామున నిద్రలేచి వెళ్లి చూస్తే, ఒక చేత్తో గుంజ పట్టుకుని కునుకు తీస్తూ కూడా కాళ్లు కదుపుతూనే ఉండేవాడు. సాయంత్రం ట్యూబులైట్లు గుండెమీద పగలగొట్టించుకోవడం, పళ్లతో సైకిల్ లేపడం లాంటి ఫీట్లు. ఆఖరి రోజు ఊరివాళ్లు చొక్కాకి నోట్లు గుచ్చేవాళ్లు, ఎవరెంత చదివించారో మైకులో చెప్పేవాళ్లు. మా అమ్మ శేరు బియ్యం పంపేది. ఆరోజుల్లో ఆ మనిషి మాకు సినిమా హీరో కన్నా ఎక్కువ. ఆ తర్వాత అతనెక్కడికి పోయేవాడో, మోకాళ్లు ఏమయ్యేవో, ముసలితనంలో ఎవరు చూసేవాళ్లో ఎవరమూ అడగలేదు. పిల్లలం సరే, పెద్దవాళ్లు కూడా అడగలేదు. నా సైకిల్ మీద రాత్రి రెండింటికి నాకు ఆ మనిషి ముఖం కనిపించింది. అతనికి ఆకలి, నాకు సరదా. ఈ తేడా మరిచిపోయి రాండొనూరింగ్ గురించి గొప్పలు చెప్పుకోవడం నాకు నచ్చదు.

పారిస్ నుంచి ఇక్కడిదాకా

1891లో 'లె పెతి జుర్నాల్' పత్రిక సంపాదకుడు పియెర్ జిఫార్ పారిస్ నుంచి సముద్రతీరంలోని బ్రెస్ట్‌కు వెళ్లి తిరిగి రావాలని పోటీ పెట్టాడు. సుమారు 1,200 కిలోమీటర్లు. సైకిల్ అంటే డబ్బున్నవాళ్ల ఆటబొమ్మ అనుకునే కాలమది. షార్ల్ టెరాన్ అనే ఆయన 71 గంటలకు పైగా తొక్కి మొదట చేరాడు. పోటీ పద్ధతి 1951తో ఆగింది. పోటీ లేని పద్ధతి మాత్రం నిలిచింది. నాలుగేళ్లకోసారి ప్రపంచమంతటి నుంచి వేలమంది వచ్చి 90 గంటల్లో పూర్తిచేయడానికి ప్రయత్నిస్తారు. 2019లోనూ 2023లోనూ మనదేశం నుంచి వందల్లో వెళ్లారు, అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. 2019లో మనవాళ్లలో చాలామంది మధ్యలోనే ఆగిపోవాల్సి వచ్చింది. రాత్రుల చలి, ఎదురుగాలి, ఎక్కడా చదునుగా ఉండని దారి. రెంటచింతల ఎండలో తొక్కినవాడికి ఆగస్టు నెలలో వణికించే చలి ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు మరి.

మళ్లీ 2027 ఆగస్టులో ఉంది. దానికి వెళ్లాలంటే ఆ ఏడాది 200, 300, 400, 600 నాలుగూ పూర్తిచేసి ఉండాలి. అందుకే ఈమధ్య శని, ఆదివారాల్లో తెల్లారకముందే హైవేల మీద మిణుకుమిణుకుమంటూ ఎర్రలైట్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. అవేంటని జనం అడుగుతున్నారు.

> చక్రం మీద మనవాళ్లు
>
> 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్శీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుమ్‌గారా అనే ముగ్గురు 1928లో యాత్ర ముగించి తిరిగొచ్చారు. సుమారు 71,000 కిలోమీటర్లు.
>
> అమెరికాను ఒక తీరం నుంచి మరో తీరానికి 12 రోజుల్లో దాటే 'రేస్ అక్రాస్ అమెరికా'ను ఒంటరిగా పూర్తిచేసిన మొదటి భారతీయుడు సైనిక వైద్యుడు శ్రీనివాస్ గోకుల్‌నాథ్, 2017లో. అదే ఏడాది నాగ్‌పూర్ డాక్టర్ అమిత్ సమర్థ్ కూడా పూర్తిచేశారు.

ఒంట్లో జరిగేది

కండరాల్లో దాచుకున్న చక్కెర గంటన్నర, రెండు గంటలకు మించి రాదు. తర్వాత తింటూ తొక్కాలి. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం చొప్పున, అంటే రెండు అరటిపళ్లకు కాస్త అటూ ఇటూ. ఆకలేశాక తింటే ఆలస్యమైనట్టే. వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగడం ఇంకా ప్రమాదం. చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాకపోతే తల తిరుగుడు, వాంతులు, ఆపైన తెలివి తప్పడం. మన ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్, పెరుగన్నంలో నంజుకునే ఊరగాయ ఇక్కడ మందులతో సమానం. అరచేతి నరం గంటలకొద్దీ హ్యాండిల్ మీద నలిగి చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారతాయి. నాకు చొక్కా గుండీలు సరిగా పెట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది.

అన్నిటికన్నా కష్టం తెల్లవారుజాము రెండు నుంచి అయిదు మధ్య. ఒంటిలోని గడియారం పూర్తిగా దిగిపోయే వేళ అది. పొదలు మనుషుల్లా కనిపిస్తాయి. పక్కన ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది. ఒక్క క్షణం కళ్లు మూతపడితే లారీ కిందే. అందుకే ఇరవై నిమిషాల కునుకుకి సిగ్గుపడకూడదని పాతవాళ్లు చెబుతారు. బస్‌షెల్టరు, బంకు అరుగు, గుడి మండపం, ఏదైనా సరే. గడువు తప్పినా ఫర్వాలేదు, వచ్చేనెల ఇంకో బ్రెవే ఉంటుంది.

> మొదటిసారి తొక్కేవాళ్లకు
>
> లక్షల సైకిల్ అక్కర్లేదు. గేర్లున్న మామూలు సైకిల్, ఒంటికి సరిపడా సీటు ఎత్తు చాలు. ముందు 50, తర్వాత 100, ఆపైనే 200. గుండెజబ్బు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే. రెండు ట్యూబులు, పంపు, ప్యాచీలు, ఉప్పు పొట్లం, ఛార్జి ఉన్న ఫోను. ఎక్కడున్నారో ఇంట్లో ఒకరికి గంటగంటకీ తెలియాలి.

ఆమె దారి

మా గుంపులో ఆడవాళ్లు ముగ్గురే. ఒకావిడ నాతోపాటు గురజాల నుంచి నరసరావుపేట దాకా తొక్కింది. ఇద్దరు పిల్లల తల్లి. తొమ్మిదో తరగతిలో నాన్న కొనిచ్చిన సైకిల్ కాలేజీకి రాగానే 'ఇంక బావుండదు' అని అమ్మేశారట. మళ్లీ ఎక్కడానికి ఆవిడకు పద్దెనిమిదేళ్లు పట్టింది. "కాళ్ల నొప్పి గురించి అందరూ అడుగుతారు. బాత్రూం గురించి ఎవరూ అడగరు" అంది. బంకుల్లో తాళాలు, హోటళ్లలో తలుపుల్లేని గదులు. వాటికి భయపడి నీళ్లు తక్కువ తాగి, కళ్లు తిరిగి పడిన రోజుందట. రాత్రి ఎవరో ఇద్దరు బైకుమీద పక్కనే నెమ్మదిగా వచ్చి 'ఎక్కడికి మేడమ్' అని అడిగితే ఆవిడ గొంతు మారింది. వాళ్లు మంచివాళ్లే, ముందు గోతులున్నాయని చెప్పడానికొచ్చారు. ఆ సంగతి తెలిసేదాకా గడిచిన రెండు నిమిషాలను ఏ కార్డు మీదా రాయరు.

తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు మన ప్రభుత్వం 'బడికొస్తా' పేరుతో సైకిళ్లిచ్చినప్పుడు పల్లెల్లో ఉదయాలు ఎలా ఉండేవో నాకు గుర్తుంది. పక్కపక్కనే వరసగా, కబుర్లు చెప్పుకుంటూ, రోడ్డంతా తమదే అన్నట్టు తొక్కేవాళ్లు. పెళ్లయ్యాక వాళ్లలో ఎందరి చేతుల్లో ఇంకా హ్యాండిల్ ఉంది?

వడ్డీ కట్టిన మధ్యాహ్నం

పెద్దాయన మూడింటికి కాదు, మూడుంపావుకి లేపాడు. "ఇంకొంచెం పడుకోనీలే అనిపించిందయ్యా" అన్నాడు. చేతిలో అల్లం దంచివేసిన టీ. డబ్బులు తీసుకోలేదు.

పిడుగురాళ్ల దాటాక తెల్లవారింది. మిరప కళ్లాల్లో రాత్రి మంచుకి కప్పిన పట్టలు తీస్తున్నారు. పట్ట తీసినచోటల్లా నేల ఎర్రబడుతోంది. ఆ ఘాటుకి దగ్గు వచ్చినా, ఆ వాసన నాకు ఇల్లు. తాలుకాయలు ఏరుతున్న ముసలమ్మ ఒకావిడ సైకిల్ ఆపించి, చెంబుతో నీళ్లిచ్చి, తల మీద పోసుకోమంది. పోసుకున్నాను.

పదింటికి మాచర్ల. పదకొండున్నరకు సాగర్. అక్కడి నుంచి 150 కిలోమీటర్లకు తొమ్మిదిన్నర గంటలున్నాయి. కాగితం మీద అది ధారాళంగా ఉంది. కానీ శనివారం దిగినదంతా ఇప్పుడు ఎక్కాలి. ఒక్కో ఎత్తూ పెద్దదేం కాదు. అవి అయిపోవు, అంతే. చింతపల్లి దగ్గర సైకిల్ దిగి నడిచాను. మాల్‌లో చెరకురసం మూడు గ్లాసులు తాగి, కాసేపటికే కక్కేశాను. అక్కడ కూర్చున్న పావుగంటలో ఆపేయాలని నిజంగానే అనుకున్నాను. బస్సు ఆగే చోటది. సైకిల్ పైన వేసుకుంటానని కండక్టర్ అన్నాడు కూడా. ఎందుకు ఎక్కలేదో చెప్పలేను. కార్డు తీసి చూసుకున్నాను. అందులో టీకొట్టు సంతకం ఇరుకు గడిలో పట్టక, అంచు దాటి పక్క గడిలోకి వెళ్లింది.

రాత్రి 8.20కి హైదరాబాద్‌లో కార్డు అప్పగించాను. చప్పట్లు కొట్టింది నలుగురు. అప్పటికే వచ్చేసినవాళ్లు అరుగు మీద నిద్రపోతున్నారు. గురజాల నుంచి నాతో తొక్కిన ఆవిడ నాకన్నా గంట ముందే వచ్చి, పిల్లలకు ఫోన్లో అన్నం తిన్నారా అని అడుగుతోంది.

సైకిల్‌ను బస్సు మీద కట్టించి అదే రాత్రి నరసరావుపేట బయలుదేరాను. నేను రెండు పగళ్లు తొక్కిన దారి కిటికీలోంచి నిద్రలోనే జరిగిపోయింది. పిడుగురాళ్లలో సున్నం వాసనకి మాత్రం మెలకువొచ్చింది.

సోమవారం సాయంత్రం టీకొట్టుకి నడిచి వెళ్లాను. పెద్దాయన గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. హెల్మెట్ లేదు, మొహాన దుమ్ము లేదు.

"పూర్తయిందా?"

"నలభై నిమిషాలుండగా చేరాను బాబాయ్."

"ఆ అట్టముక్కేదీ?"

"అక్కడ ఇచ్చేశాను. దాని లెక్క పారిస్ వెళ్తుంది. వాళ్లు సరేనంటేనే పూర్తయినట్టు."

ఆయన గిన్నె దించి, స్టవ్ తగ్గించాడు.

"పారిస్సా? ఫ్రాన్సు దేశంలో పారిస్సేనా?" అన్నాడు. కాసేపాగి, "తెలిస్తే ఇంకాస్త బాగా రాసేవాణ్ణి కదయ్యా" అన్నాడు.